ఐదు డ్రమ్ముల మేనమామ

వైలేవు ఊరు, కోరో దీవి
జులై 4, 1994

బావ కెలేపికి,

నువ్వు బాగానే ఉంటావు, సువా పట్నంలో ఉన్నవాడికేం. ఇక్కడ మేం మాత్రం పోయిన మంగళవారం రుసియాతే తాతకి బతికుండగానే ఏడుపులు పూర్తి చేశాం.

నీ మేనకోడలు ఉనైసికి పదేళ్ళు నిండాయి కదా. ఈ మధ్య ఏది కనిపిస్తే దాని మీద దరువు వేస్తోంది. బిస్కెట్ డబ్బా, తలుపు, పడవ అడుగు, నా వీపు. ఆ రోజు బడి వదలగానే పోయి చర్చి పక్క పాకలో ఉన్న చాటింపు దుంగను పట్టుకుంది. ఆ దుంగ మీద ఒక్కో కబురుకి ఒక్కో దరువు ఉంటుందని నీకు నేను చెప్పక్కర్లేదు. ఈ పిల్ల రేడియోలో విన్న పాటేదో వాయిస్తూ వాయిస్తూ తిన్నగా చావు దరువులోకి దిగింది. దానికి తెలియదు. ఊరికి తెలుసు.

తాత నెల రోజులుగా దగ్గుతున్నాడు కాబట్టి పోయింది ఆయనేనని అందరూ ఖాయం చేసుకున్నారు. అరగంటలో చావింటికిచ్చే మొగలి చాపలూ కిరసనాయిలు డబ్బాలూ మోసుకుంటూ ఆ ఇంటి ముందు చేరారు. పక్క ఊరివాళ్ళు పందిని కూడా కట్టి తెచ్చారు. తాత గుమ్మంలో కూర్చుని కర్రపెండలం తింటున్నాడు. మీ మేనత్త దారిలోనే ఏడుపు ఎత్తుకుంది కదా, ఆయన్ని చూశాక కూడా మధ్యలో ఆపడం బాగుండదని చివరి దాకా ఏడ్చింది. తాత చాపలన్నీ లెక్కపెట్టించుకుని, "నా విలువ ఇంతేనా?" అన్నాడు. పందిని మాత్రం తిరిగి పంపనన్నాడు.

శనివారం ఊరి సభలో తేల్చారు. ఉనైసి ఇక దుంగ జోలికి పోకూడదు. డిసెంబర్ 2న, బడి మూసే రోజున, ఊరందరి ముందూ ఊరు కలిసి పాడుకునేలా వాయించి చూపించాలి. చూపిస్తే ఇక ఎవరూ అడ్డు చెప్పరు. చూపించలేకపోతే కర్రలు పొయ్యిలో పెట్టి, తల్లి పక్కన కూర్చుని చాపలు అల్లుకోవాలి. పాస్టరుగారు, "దేని మీద వాయిస్తావమ్మా?" అని అడిగారు. నేను నేల చూపులు చూస్తున్నాను. నీ మేనకోడలు లేచి, "మా మామ డ్రమ్ములు కొనిపెడతాడు" అంది.

అదీ సంగతి. మేనకోడలు అడిగితే మేనమామ కాదనడం మన దీవుల్లో ఇంతవరకు జరగలేదు. నీతో మొదలవ్వాలంటే నీ ఇష్టం.

నీ చెల్లెలు అన్నతో నేరుగా మాట్లాడే ఆచారం లేదని నా వెనకాల కూర్చుని చెప్తోంది, నేను రాస్తున్నాను. "అన్నయ్యకి ఇబ్బందైతే చిన్నదైనా చాలు" అని రాయమంది. ఆ మాట నువ్వు చదవనట్టే ఊరుకో. పోస్టాఫీసు రేడియో ఫోనులో మాట్లాడకు, దీవి దీవంతా వింటుంది. పడవకి ఉత్తరం వెయ్యి.

నీ బావ,
ఇసిమేలి


సువా
జులై 17

కొబ్బరికాయల బావ ఇసిమేలికి,

నీ ఉత్తరం ఓడరేవులో మావాళ్ళందరికీ చదివి వినిపించాను. క్రేను నడిపేవాడు నవ్వలేక పని ఆపేశాడు. ఆ పిల్ల నా పోలికే. నువ్వు చర్చిలో చప్పట్లు కొడితేనే పాట పక్కదారి పడుతుంది.

డ్రమ్ములు నేను కొంటాను. ఇందులో మాటేముంది? అడిగింది ఎవరు, అడిగింది ఎవరిని? చిన్నదైనా చాలట. నా చెల్లెలు అలా అనదు, అది నీ పిసినారి బుర్రలో పుట్టిన మాటే అయ్యుంటుంది.

నిన్న దుకాణానికి వెళ్ళాను. బావా, మనం డ్రమ్ము అంటే ఒకటే అనుకుంటాం. అక్కడ అదో కాపురం. కాలితో తన్నేది పెద్దది ఒకటి, ఒళ్ళో పెట్టుకున్నట్టు ముందుండేది, కింద తీగలుండి గరగరమనేది ఒకటి, ఇంకా మూడు. వీటి మీదికి ఇత్తడి పళ్ళేలు. అందులో జంట పళ్ళేలు ఎడమకాలితో నొక్కితే టపటపమని మూసుకుంటాయి. మనిషికి రెండు చేతులూ రెండు కాళ్ళూ ఎందుకిచ్చాడో దేవుడు, ఆ స్టూలు మీద కూర్చున్నాక అర్థమైంది.

కూర్చుని రెండు దెబ్బలు వేశాను కూడా. దుకాణం ముసలాయన, "చాలు సార్, దిగండి" అన్నాడు.

ఆయన మూడు రకాలు చూపించాడు. ఒకటి బొమ్మలాంటిది, పసిపిల్లలకి. ఏడాదిలో ఇరుకైపోతుందట. ఇంకొకటి కరెంటుది, చెవులకి గొట్టాలు పెట్టుకుంటే వాయించేవాళ్ళకి తప్ప ఎవరికీ వినపడదు. మీ ఊరి జనరేటరు రోజుకి రెండు గంటలు తిరుగుతుంది, ఆ రెండు గంటలూ సభ పెద్దలకి ఐస్ కావాలి. పైగా ఎవరికీ వినపడకపోతే సభ ఏం విని ఒప్పుకుంటుంది? మూడోది పెద్దవాళ్ళ సెట్టు. దానికే మొగ్గుతున్నాను. కాకపోతే పిల్ల కాలు పెడలుకి అందాలి. అందకపోతే మిగతావన్నీ అలంకారమే అన్నాడాయన. కాబట్టి ఉనైసి మోకాలి నుంచి మడమ దాకా దారంతో కొలిచి పంపు.

ఇట్లు,
మేనమామ అంటే ఎలా ఉండాలో నీకు చూపించబోయే
కెలేపి


వైలేవు
ఆగస్టు 1

కోతల బావకి,

దారం పంపిస్తున్నాను. నీ చెల్లెలే కొలిచింది. ఉనైసి కాలు కదపకుండా నిలబడటం పుట్టాక ఇదే మొదటిసారి.

మా బడి మాస్టరు పెళ్ళికి ముందు హోటల్ బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడట. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, పాస్టరుగారు ఏమనుకుంటారోనని. ఇప్పుడు సాయంత్రాలు మా ఇంటికొచ్చి నేర్పుతున్నాడు. డ్రమ్ములు లేవు కాబట్టి బిస్కెట్ డబ్బాలు బోర్లించి, కాలి కింద నా పాత చెప్పు పెట్టి తొక్కిస్తున్నాడు. రెండో చెప్పు వేసుకుని నేను తోటకి పోతున్నాను.

ఉనైసి నీకు ఒక మాట రాయమంది. "మామా, ఎరుపైతే బాగుంటుంది. ఎరుపు లేకపోతే ఏదైనా పర్లేదు. కాలిది మాత్రం మర్చిపోకు. కాలిది లేకపోతే పాట నడవదని మాస్టారు చెప్పాడు." ఊళ్ళో ఆడపిల్లలందరికీ చెప్పుకుంటోంది, మా మామ తెస్తున్నాడని. నువ్వు గొప్పలు పోయే మనిషివని నాకు తెలుసు, దానికి తెలియదు. గుర్తుంచుకో.

ఇసిమేలి


సువా
ఆగస్టు 19

బావా,

ముందు ఒకటి అడుగుతాను, కోప్పడకు. పిల్లకి తిండి పెడుతున్నారా? దారం కొలిస్తే జానెడు కూడా లేదు. దుకాణం ముసలాయన దారాన్ని ఓసారి, నన్ను ఓసారి చూసి, "పాపకి ఎన్ని నెలలు?" అన్నాడు. పరువు పోయింది. ఇంటికొచ్చి నీ మీద చెడామడా ఒక ఉత్తరం మొదలుపెట్టాను. అప్పుడు మా ఆవిడ లితియా వంటింట్లోంచి, "కవరులో వచ్చిన దారమా? సగం కోసి చేమాకు కట్ట కట్టానే" అంది. కట్ట విప్పి, ముడులు లాగి, రెండు ముక్కలూ కలిపి కొలిచాం. పిల్ల బాగానే ఎదిగింది.

ఇక అసలు కబురు. కొన్నాను. పెద్దవాళ్ళ సెట్టే. ఐదు డ్రమ్ములు, మూడు పళ్ళేలు, ఎత్తు పెంచి తగ్గించే స్టూలు. ఎరుపే. మా ముందుగదిలో పేర్చి పెట్టాను, ఇక మాకు గోడకి ఆనుకుని నడవడం అలవాటైంది. చుట్టుపక్కల బంధువులందరూ వచ్చి చూసి వెళ్తున్నారు. శనివారం పడవకి ఎక్కిస్తాను. నీ ఎడ్లబండి ఏదైనా ఉంటే రేవు దగ్గర పెట్టుకో.

నన్ను ఇకపై ఐదు డ్రమ్ముల మేనమామ అని పిలవాలి.

కెలేపి


వైలేవు
ఆగస్టు 30

ఐదు డ్రమ్ముల మేనమామకి,

పడవ వచ్చింది. పిండి బస్తాలు దిగాయి, రేకులు దిగాయి, పాస్టరుగారి చుట్టం దిగింది. డ్రమ్ములు దిగలేదు.

ఉనైసి తలకి నూనె రాసుకుని, ఆదివారం గౌను వేసుకుని రేవులో కూర్చుంది. దాంతోపాటు బడి పిల్లలు ముప్ఫై మంది. పడవ వెళ్ళిపోయాక కూడా ఆ పిల్ల లేవలేదు. "ఇంకో పడవలో వస్తాయేమో నాన్నా, పెద్దవి కదా" అంది. నేను అవునన్నాను.

పడవలో చోటు లేకపోతే లేదని రాయి. ఇక్కడ మేం ఏదో ఒకటి చెప్పుకుంటాం.

ఇసిమేలి


సువా
సెప్టెంబర్ 12

ప్రియమైన బావగారికి,

మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ వానలు.

డ్రమ్ముల విషయం. తొందరపడ్డామేమోనని నాకు అనిపిస్తోంది. తెలిసినవాళ్ళని అడిగాను. నేర్చుకునే పిల్లకి ఐదు డ్రమ్ములు ఎక్కువేనట. ఏది కొట్టాలో తెలియక కంగారు పడతారట. రెండుంటే చాలంటున్నారు. పళ్ళేలు కూడా ఎందుకు? మీది సముద్రం గాలి, పచ్చగా పట్టిపోతాయి. పైగా చెవులకి మంచిది కాదు.

పెద్ద డ్రమ్ము గురించి కూడా ఆలోచిస్తున్నాను. పిల్ల కాళ్ళు ఇంకా లేతవి.

చెల్లెలికి నా నమస్కారాలు చెప్పండి.

మీ కెలేపి


వైలేవు
సెప్టెంబర్ 26

బావా,

నువ్వు నన్ను "బావగారు" అన్నది నా పెళ్ళిలో ఒక్కసారే, అదీ పాస్టరుగారు పక్కనున్నారని. ఇప్పుడు "మీరు", "క్షేమం", "వానలు". నీకు జ్వరమేమోనని నీ చెల్లెలు కంగారు పడింది. నాకు మాత్రం వేరే అనుమానంగా ఉంది.

పోయిన ఉత్తరంలో ఐదు డ్రమ్ములు నీ ముందుగదిలో ఉన్నాయి. ఈ ఉత్తరంలో రెండు చాలు. పిల్ల కాళ్ళు లేతవట. ఆ లేత కాళ్ళతో నా చెప్పు అరిగేదాకా తొక్కింది, రెండోదీ తీసుకుంది, ఇప్పుడు నేను రెండు కాళ్ళకీ చెప్పుల్లేకుండా తోటకి పోతున్నాను.

నీ ఉత్తరం దానికి చదివి వినిపించలేదు. వాన వల్ల ఆలస్యమని చెప్పాను. ఆ పిల్లతో నేను అబద్ధమాడటం ఇది రెండోసారి. రెండూ నీ కోసమే.

ఇంకా తొమ్మిది వారాలుంది. సభలో కొందరు అప్పుడే చెవులు కొరుక్కుంటున్నారు. చాపలు అల్లే ముసలమ్మ ఒకామె మొన్న ఉనైసికి మొగలాకు చీరడం చూపించింది. మంచి మనసుతోనే చూపించింది. పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఇసిమేలి


సువా
అక్టోబర్ 9

బావా,

ఈ పడవలో సామాను పంపుతున్నాను. జాగ్రత్తగా దింపించు.

ఏదైనా మొదటినుంచి నేర్చుకోవాలి అన్నారు పెద్దలు. ముందు సరిగ్గా కూర్చోవడం వస్తే మిగతావి వాటంతట అవే వస్తాయి.

కెలేపి


వైలేవు
అక్టోబర్ 17

కెలేపి,

స్టూలు దిగింది.

ఊరంతా రేవులో ఉంది. పడవ సరంగు పెద్ద అట్టపెట్టె భుజాన పెట్టుకుని దిగుతుంటే పిల్లలు కేకలు వేశారు. మాస్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పెట్టె విప్పాం. స్టూలు, కాలితో తొక్కే పెడలు, రెండు కర్రలు. పెడలు దేన్ని కొట్టాలి బావా? గాలినా? రుసియాతే తాత స్టూలు మీద కూర్చుని చూసి, "ఇది బాగుంది, నాకు ఇచ్చేయండి" అన్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. నవ్వనివాళ్ళు ముగ్గురే, నేనూ, నీ చెల్లెలూ, నీ మేనకోడలూ.

ఉనైసి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. స్టూలు మోసుకుని ఇంటికొచ్చి, బిస్కెట్ డబ్బాల ముందు వేసుకుని, కూర్చుని, వాయించింది. "ఎత్తు సరిపోయింది నాన్నా, మామ కొలత బాగా తీసుకున్నాడు" అంది. ఆ మాట విన్నాక నిన్ను తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

నీ చెల్లెలు చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చడం లేదు. "అన్నయ్యని నిజం చెప్పమనండి. నిజం ఏదైనా నేను ఓర్చుకుంటాను. పిల్ల రేవులో కూర్చోవడం ఓర్చుకోలేను."

ఇసిమేలి


సువా
అక్టోబర్ 26

బావా,

చెల్లెలు అలా అన్నాక ఇంక దాచలేను.

ఆగస్టులో ఐదు డ్రమ్ములూ మూడు పళ్ళేలూ మా ముందుగదిలో ఉన్న మాట నిజం. శనివారం పడవ ఇంజను బాగులేక మంగళవారానికి పోయింది. ఆ మూడు రోజుల్లో నా కొంప మునిగింది.

ఆదివారం చర్చి అయ్యాక మా వంశంవాడు, తమ్ముడు మనోవా వచ్చాడు. దంచి కలుపుకుని తాగే యంగోనా వేరుకట్ట ఒకటి నా ముందు పెట్టి కూర్చున్నాడు. అప్పుడే నాకు అర్థమైంది, ఏదో ఒకటి అడగడానికి తప్ప ఉత్తినే ఎవడూ వేరుకట్ట తేడు. వాన గురించి మాట్లాడాడు, చేపల గురించి మాట్లాడాడు. ఆ తర్వాత తల వంచి, "కెరెకెరె అన్నా. మా రగ్బీ జట్టుకి శనివారం ఆట ఉంది. ఆ పెద్ద డ్రమ్ము ఒక్కటీ ఇప్పించు" అన్నాడు. సొంత రక్తం కెరెకెరె అని బతిమాలి అడిగాక లేదనడం ఎలాగో నువ్వు చెప్పు. "తీసుకెళ్ళు తమ్ముడూ" అంది నా నోరు. నోరే అంది, నేను అనలేదు.

మనోవా దాన్ని నెత్తిన పెట్టుకుని వీధి వెంట పోతుంటే సకియుసా చూశాడు. సోమవారం పొద్దున వాడి వేరుకట్ట. వాడి పాటల బృందానికి గరగరమనే డ్రమ్మూ, జంట పళ్ళేలూ. మధ్యాహ్నం ఎరోని. వాడి కూతురి పెళ్ళికి మిగిలిన మూడు డ్రమ్ములూ, పెద్ద పళ్ళెమూ. మంగళవారం పడవ వచ్చేసరికి నా దగ్గర మూడు వేరుకట్టలూ, ఒక స్టూలూ, పెడలూ, రెండు కర్రలూ ఉన్నాయి. స్టూలు కూడా పోయేదే, నేను దాని మీద కూర్చుని ఉన్నాను కాబట్టి మిగిలింది.

ఆట అయిపోయింది, పెళ్ళీ అయిపోయింది. ఎవరూ తిరిగి తేలేదు. ఇచ్చిన చేత్తో మళ్ళీ అడగడానికి నాకు నోరు రావడం లేదు. రోజూ ఆ వీధి తప్పించి ఓడరేవుకి చుట్టూ తిరిగి పోతున్నాను. ఇంకో సెట్టు కొనే తాహతు నాకు లేదు.

ఐదు డ్రమ్ముల మేనమామ అని రాసుకున్నాను చూడు, ఆ కాగితం ఉంటే చింపెయ్యి. సిగ్గుగా ఉంది బావా. పిల్లకి నువ్వే ఏదో ఒకటి చెప్పు.

కెలేపి


వైలేవు
నవంబర్ 7

బావా,

ఏదో ఒకటి చెప్పే ఓపిక నాకు అయిపోయింది. నీ ఉత్తరం ఉనైసి చేతికే ఇచ్చాను. మొత్తం చదివింది. నీ మీద కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. అది తల్లి దగ్గరికి వెళ్ళి మూడు ప్రశ్నలు అడిగింది.

"మనోవా నీకు ఏమవుతాడమ్మా?"

"అన్న వరసే."

"సకియుసా? ఎరోని?"

"వాళ్ళూ అంతే. అందరూ మా వంశమేగా."

"అయితే వాళ్ళు ముగ్గురూ నాకు మామలేగా?"

నీ చెల్లెలు అల్లుతున్న చాప పక్కన పెట్టేసింది. ఆమె ముఖంలో అలాంటి నవ్వు నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు. మనిద్దరం ఇంతింత మనుషులం, నెలల తరబడి కాగితాలు ఖరాబు చేశాం గానీ ఈ సంగతి ఒక్కసారి తట్టిందా? నీకు అడిగే నోరు లేదు, సరే. మేనకోడలు అడగక్కర్లేదు కదా. మామ ఇంట్లో దానికి నచ్చింది అది తీసుకుంటుంది, చూస్తూ ఊరుకోవడమే మామ పని.

శుక్రవారం పడవలో తల్లీకూతుళ్ళు వస్తున్నారు. భోజనం సిద్ధం చేయించు. ముందే ఎవరికీ చెప్పకు.

ఇసిమేలి


సువా
నవంబర్ 13

బావా,

నిన్న ఈ వీధిలో తుఫాను వచ్చినట్టే అయింది, ఒక్క చుక్క వాన లేకుండా.

ముందు మనోవా ఇల్లు. మనోవా జట్టు వాళ్ళందరితో ఆరుబయట కూర్చుని ఉన్నాడు, మధ్యలో పెద్ద డ్రమ్ము. దాని ముఖం మీద తెల్లరంగుతో "రేవు దున్నపోతులు" అని పెద్ద అక్షరాలు రాయించాడు. ఉనైసి తిన్నగా వెళ్ళి దాని మీద చెయ్యి వేసి, "మామా, ఇది తీసుకెళ్తున్నా" అంది. నీ పెళ్ళాం గేటు దగ్గర నిలబడింది. ఒక్క మాట లేదు, తల కూడా ఎత్తలేదు. అన్నల ముందు ఆడపడుచు మర్యాద అంటే అదేగా. బావా, అంత భయంకరమైన మర్యాద నేనెప్పుడూ చూడలేదు. దున్నపోతులు పదిహేను మందీ లేచి నిలబడ్డారు. మనోవా, "తీసుకెళ్ళు తల్లీ" అన్నాడు. వాడి నోరే అంది, వాడు అనలేదు. ఆ బాధ ఎలాంటిదో నాకు తెలుసు కాబట్టి నేను చెట్టు చాటున నిలబడి హాయిగా చూశాను.

సకియుసా బృందం పాడుతూ ఉంది. ఉనైసి ఆ చరణం అయ్యేదాకా ఆగింది. "మామా, మీవాడు ఎడమ చెయ్యి ఆలస్యంగా వేస్తున్నాడు" అని చెప్పి, డ్రమ్మూ జంట పళ్ళేలూ తీసుకుంది.

ఎరోని ఇంట్లో రెండు డ్రమ్ముల మీద పలక వేసి టీ బల్ల చేసుకున్నారు. మూడోదాన్లో కోడి గుడ్ల మీద పొదుగుతోంది. పెద్ద పళ్ళెం పొయ్యి మీద చేమాకు కూర గిన్నెకి మూత. ఉనైసి మూత ఎత్తి, వేలితో ఓసారి మీటి విని, "ఇంకా పలుకుతోంది" అంది. ఎరోని పెళ్ళాం గిన్నె వైపు చూసి, "కూర ఉడకలేదే అమ్మా" అంది. "ఉడికేదాకా కూర్చుంటానత్తా" అంది ఈ పిల్ల. కూర్చుంది. రెండుసార్లు వడ్డించుకుని తిని, మూత పట్టుకుని వచ్చింది. కోడిని మాత్రం లేపలేదు. ఆ డ్రమ్ము గుడ్లు పిల్లలయ్యాక పంపమంది. కాబట్టి నీకు వచ్చేవి నాలుగే.

చివరికి మా ఇంటికొచ్చింది. ముందుగది అంతా కలియజూసి, నా రేడియో చంకలో పెట్టుకుంది. "అదెందుకే?" అన్నాను. "ఆలస్యానికి మామా" అంది.

ఆ తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని, "నువ్వు వాళ్ళకి లేదనలేకపోయావు. నాకూ లేదనలేదు కదా. రెండూ ఒకటే మామా" అంది. పదేళ్ళ పిల్ల ముందు ఏడవకూడదని బయటికెళ్ళి తాళ్ళు కట్టాను. నేనే స్వయంగా పడవలో పేర్చాను, పడవ కదిలేదాకా డ్రమ్ముల పక్కనే కూర్చున్నాను. సరంగు ఒకసారి, "కెరెకెరె" అనబోయాడు. చెల్లెలు దగ్గింది. ఊరుకున్నాడు.

మూడు వారాలే ఉంది. చేతకాకపోతే తప్పు నాది, పిల్లది కాదు. సభలో ఆ మాట చెప్పు.

కెలేపి


వైలేవు
డిసెంబర్ 4

బావ కెలేపికి,

మొన్న శుక్రవారం జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో నిన్ను తిట్టను.

బడి ముందు చాపలు పరిచి డ్రమ్ములు పెట్టాం. "రేవు దున్నపోతులు" అన్న రాత సభ పెద్దల వైపుకే తిరిగి ఉంది. చెరుపుదామంటే ఉనైసి ఒప్పుకోలేదు, తోలు పాడవుతుందట. పాస్టరుగారు అది చదువుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదువుకున్నారు.

ముందు మాస్టరు నేర్పిన పాట వాయించింది. చేతులు గబగబా ఆడాయి, పిల్లలు గంతులేశారు, పెద్దలు ఒక్కరూ కదలలేదు. ఊరి పెద్ద, "చప్పుడు బాగుంది. మేం పాడేది దీనికి కాదుగా" అన్నాడు. అంతే, అయిపోయిందనుకున్నాను. నీ చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

ఉనైసి కర్రలు ఒళ్ళో పెట్టుకుని ముసలమ్మల వైపు తిరిగి, "మీరు మొదలుపెట్టండి, నేను వస్తాను" అంది. వాళ్ళు సాయంత్రం కీర్తన ఎత్తుకున్నారు. మనవాళ్ళు ఎలా పాడతారో తెలుసుగా, ఇష్టమైన చోట సాగదీస్తారు, ఊపిరి అందినప్పుడు వదులుతారు. ఏ డ్రమ్ములవాడూ వాళ్ళతో వేగలేడు. ఈ పిల్ల వేగింది. వాళ్ళు సాగదీసిన చోట కర్ర పైకెత్తి ఆగింది. వాళ్ళు దిగేదాకా చూసి, అప్పుడు కాలితో మెల్లగా ఒక్క దెబ్బ. పళ్ళెం మీద వాన చినుకంత. రెండో చరణానికి మగవాళ్ళు గొంతు కలిపారు. మూడో చరణానికి సభ పెద్దలు కూడా పాడుతున్నారు, తీర్పు చెప్పాల్సింది తామేనని మర్చిపోయి.

తీర్పు ఒక్క ముక్కలో అయింది. పిల్ల వాయించుకోవచ్చు, ఆదివారం పగలు తప్ప.

ఇంతటితో అయిపోతే నేను కాగితం ఇంత ఖర్చు చేయను. పాస్టరుగారు లోపలికెళ్ళి యంగోనా వేరుకట్ట ఒకటి తెచ్చారు. నా ముందు పెట్టి కూర్చున్నారు. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. "కెరెకెరె ఇసిమేలి. ఈ డ్రమ్ములు చర్చికి ఇప్పించు" అన్నారు.

బావా, నిన్ను నేనెన్ని మాటలన్నాను. నా నోరు "తీసుకోండి" అనేసింది, నేను చూస్తుండగానే. నీ చెల్లెలు కళ్ళు మూసుకుంది. ఉనైసి స్టూలు మీంచి దిగలేదు.

"డ్రమ్ములు తీసుకోండి అయ్యగారూ. నాన్న ఇచ్చాడుగా. మరి వాయించేది ఎవరు?" అంది.

పాస్టరుగారు ఊరి వైపు చూశారు. ఊరు డ్రమ్ము మీది దున్నపోతుల వైపు చూసింది. అప్పుడు ఆయన వేరుకట్ట నా ముందు నుంచి తీశారు. అంతమంది పెద్దల మధ్య నుంచి లేచి వెళ్ళి దాన్ని ఆ పిల్ల కాళ్ళ దగ్గర పెట్టారు. తల వంచి, "కెరెకెరె తల్లీ. నువ్వు కావాలి" అన్నారు.

దానికేం చేయాలో తెలియలేదు. తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత కర్రలు కింద పెట్టి, పెద్దవాళ్ళు వేరుకట్ట అందుకున్నప్పుడు కొట్టినట్టే, అరచేతులు గుంట చేసి మూడుసార్లు చప్పట్లు కొట్టి ఒప్పుకుంది.

నాకు ఏడుపు ఆగలేదు, అందరూ చూశారు, చూడనీ. నిన్నూ నన్నూ పుట్టిన దగ్గర్నుంచి అందరూ అడుగుతూనే ఉన్నారు, పడవ అడిగారు, పంది అడిగారు, చొక్కా అడిగారు, డ్రమ్ములు అడిగారు. మనిద్దరిలో ఎవరినీ ఎప్పుడూ, నువ్వు కావాలి అని ఎవరూ అడగలేదు బావా. మన పిల్లని అడిగారు.

నీ బావ,
ఇసిమేలి